‘నేనే’ అనకూడని ఇల్లు

మా పెద్దమ్మ గుమ్మంలో ఒక మాటకు చోటు లేదు. బూతు మాట కాదు, తిట్టూ కాదు. ‘నేనే’ అన్న మాట.

తలుపు తడితే లోపలి నుంచి "ఎవరూ?" అంటారు. బయట నిలబడ్డవాళ్లు "నేనే" అంటారు. ఆ గొంతు పట్టి గడియ తీస్తారు. తెలుగునాట ఏ ఇంట్లోనైనా జరిగేది ఇదే. మా పెద్దమ్మ మాత్రం తీసేది కాదు. "నేనే అంటే ఎవర్రా? పేరు చెప్పు" అనేది. జోరున వాన కొడుతున్నా అంతే, నెత్తిన గడ్డిమోపు ఉన్నా అంతే. నేను ఆమె చేతి ముద్ద తిని పెరిగినవాణ్ణి. నా దగ్గు విన్నా, నా అడుగుల చప్పుడు విన్నా పోల్చుకోగలదు. అయినా ఇంటిపేరుతో సహా పూర్తి పేరు చెప్పాకే గడియ కదిలేది.

ఆమె పోయి చాలా ఏళ్లయింది. ఆ గడియ వెనక ఉన్న సంగతి ఇప్పుడు రాయవచ్చనుకుంటున్నాను.

మాది దివిసీమ. నాగాయలంకకు దక్షిణంగా, కృష్ణమ్మ సముద్రంలో కలిసే వైపు, పర్ర భూముల అంచున ఉన్న చిన్న ఊరు. ఊరి పేరు రాయను. రాస్తే మా వాళ్లు పెద్దమ్మను పోల్చేస్తారు.

1977 నవంబరు 19, శనివారం. కార్తీక మాసం. చేలు కోతకు దగ్గరపడ్డాయి. ఆ రోజు గంటకు 200 కిలోమీటర్లకు పైబడిన గాలి వచ్చింది. ఆ గాలి వెనకే సముద్రం లేచి, మూడు నిలువుల ఎత్తున ఊళ్ల మీదికి నడిచింది. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి, మూలపాలెం... ఒక్కో పేరు వెనక ఎన్ని ఇళ్లో. ప్రభుత్వ లెక్కలోనే చనిపోయినవాళ్లు పదివేల దాకా ఉన్నారు. ఆ లెక్క తక్కువని మా వాళ్లు ఇవాళ్టికీ అంటారు. మనుషులతో పాటు రేషను కార్డులూ, వాళ్లను ఎరిగిన ఇరుగుపొరుగూ కూడా కొట్టుకుపోయాక, ఫలానావాళ్లు పోయారని చెప్పడానికి ఎవరు మిగిలారు?

అప్పటికి నాకు అయిదేళ్లు. మాకూ పెద్దమ్మ వాళ్లకూ పక్కపక్క తాటాకిళ్లు. పెద్దమ్మ కొడుకు నాకన్నా నెల పెద్ద. ఇద్దరికీ ఒకే తానులో గుడ్డ తీసి చొక్కాలు కుట్టించేవారట. ఆ కార్తీకంలోనే మొక్కు తీర్చడానికి ఇద్దర్నీ మోపిదేవి తీసుకెళ్లి గుండ్లు చేయించారట. "పక్కపక్కన నిలబెడితే సుబ్రహ్మణ్యస్వామి కూడా పోల్చుకోలేడు" అని అమ్మ నవ్వేదని నాన్న చెప్పేవాడు. ఆ శనివారం నాన్న గుడివాడలో ఉన్నాడు. బియ్యం మిల్లులో పని. అందుకే బతికాడు. అమ్మ పోయింది. పెదనాన్న పోయాడు. పెద్దమ్మ కొడుకు పోయాడు. మర్నాడు పొద్దున ఊరికి దక్షిణాన ఒక తుమ్మచెట్టు పంగలో పెద్దమ్మా, ఆమె ఒళ్లో నేనూ కనిపించాం.

నాకు ఆ రాత్రి గుర్తులేదు. గుర్తున్నదంతా ఆ తర్వాతిదే.

ఆ తర్వాత మా ఊళ్లో కాలం రెండు ముక్కలైంది. ఉప్పెనకు ముందు, ఉప్పెనకు తర్వాత. "ఈ పిల్ల ఉప్పెనకు కడుపులో ఉంది", "ఆ గేదె ఉప్పెన తర్వాత కొన్నది" అని లెక్క. మా ఊళ్లో ముసలివాళ్లూ పిల్లలూ బాగా తగ్గిపోయారు. నీళ్లకు ముందు చిక్కింది వాళ్లే కదా. ఆడమనుషులు పోయిన ఇంటి మగాడికీ, మగాడు పోయిన ఇంటి ఆడమనిషికీ పెద్దలు ముడిపెట్టారు. అలా ఒక ఇంట్లో రెండిళ్ల పిల్లలు కలిసి పెరిగారు. మేం ఎవర్నీ సవతి అని పిలవలేదు. ఆ మాట మా కాలనీలో వినపడేది కాదు. నా స్నేహితుల ఇళ్లలో ఇంటిపేర్లు వేరైనా కంచాలు మాత్రం ఒకే వరసలో ఉండేవి.

సాయం చాలా వచ్చింది, ఆ మాట నిండు మనసుతో చెప్పాలి. అవనిగడ్డ ఎమ్మెల్యే మండలి వెంకట కృష్ణారావు గారు బురదలో నడిచి ఊరూరూ తిరిగారు. ఎన్టీఆర్, ఏయన్నార్ వీధుల వెంట తిరిగి జోలె పట్టి విరాళాలు పోగుచేశారు. మదర్ థెరిసా వచ్చారు. దేశం నలుమూలల నుంచీ సేవాసంస్థలు వచ్చి ఊళ్లను మళ్లీ కట్టాయి. మూలపాలెం దీనదయాళ్‌పురమై లేచింది అలాగే. మాకూ వరసగా, ఒకే కొలతతో, ఒంటిగది పక్కా ఇళ్లు కట్టించారు. అన్ని గుమ్మాలూ ఒకే దిక్కు, అన్ని తలుపులకూ ఒకే రంగు. చీకటి పడ్డాక మా ఇల్లు అనుకుని పక్కింట్లోకి వెళ్లి కూర్చున్న రోజులున్నాయి. వాళ్లూ కాదనకుండా అన్నం పెట్టేవాళ్లు.

లారీల్లో బట్టలు వచ్చేవి. చలిదేశాల ఉన్ని కోట్లు, మెడ దాకా గుండీలున్న స్వెట్టర్లు, బొంత లాంటి ప్యాంట్లు. మా ఎండలో వాటిని తొడుక్కుని మేకల వెంట తిరిగాం. నా వంతుకు వచ్చిన నీలం కోటు జేబులో ఒక చిన్న రుమాలు మడత పెట్టి ఉంది. ఏ దేశపు తల్లి ఏ పిల్లవాడికి పెట్టిందో. నేను దాన్ని చాలాకాలం దాచుకున్నాను. బడిలో పెద్ద డేగిసాలో పాలపొడి కలిపి కాచేవారు. గోధుమ రవ్వ ఉప్మా పెట్టేవారు. వరి పండే సీమలో పుట్టిన మాకు గోధుమల వాసన కొత్త. ఇప్పటికీ ఎక్కడైనా ఆ వాసన తగిలితే వరండాలో సత్తు పళ్లెం ముందు కూర్చున్నట్టే ఉంటుంది.

పొలం మాత్రం మాట వినలేదు. నేల మీద ఉప్పు తెల్లగా పేలేది. బావి నీళ్లు నోట పెట్టలేకపోయేవాళ్లం. కాలవ నీళ్లు చేలల్లో నిలవగట్టి, వదిలి, మళ్లీ నిలవగట్టి, ఉప్పు కడిగారు పెద్దలు. ఊడ్చిన నారు ఎర్రబారి చచ్చిపోతే మళ్లీ ఊడ్చారు. పచ్చటి చేను చూడటానికి మేం కొన్ని ఏళ్లు ఆగాం. సముద్రం వైపు వరసలు వరసలుగా సరుగుడు మొక్కలు నాటారు. వాటి కింద రాలిన సన్నని ఆకుల మీద పడుకుని మేం ఎదిగాం. మాతో పాటు అవీ ఎదిగాయి.

దున్నినప్పుడల్లా నాగలికి ఏదో ఒకటి తగిలేది. ఇత్తడి చెంబు, కంచు గ్లాసు, సొట్టపడిన బిందె. మా వైపు గిన్నెల మీద పేర్లు చెక్కించడం ఆనవాయితీ కదా. పెళ్లి సారెలో పెట్టిన గిన్నె మీద పెళ్లికూతురి పేరు, చదివింపుల్లో వచ్చిన పళ్లెం మీద ఇచ్చినవాళ్ల పేరు. దొరికిన గిన్నెను బడికి తెచ్చి మాస్టారికి ఇచ్చేవారు. ఆయన చింతపండుతో తోమించి పేరు పైకి చదివేవారు. ఆ ఇంటి మనిషి ఎవరైనా మిగిలి ఉంటే కబురు వెళ్లేది. వచ్చి రెండు చేతులతో అందుకుని, పేరును బొటనవేలితో తడిమి తీసుకెళ్లేవారు. ఎవరూ లేకపోతే ఆ గిన్నె బడి అలమారలో ఉండిపోయేది. అలమార నిండా గిన్నెలే. నేను అక్షరాలు కూడబలుక్కుని చదివిన మొదటి పేర్లు వాచకంలోవి కాదు, ఆ గిన్నెల మీదివే. మా మాస్టారు అలమారకు తాళం వేసేవారు కాదు. ఎవరో ఒకరు వస్తారేమోనని ఆయన ఆశ.

మాకో ఆట ఉండేది. పేరు ఉప్పెనాట. ఒకడు సముద్రం. వాడు అరుస్తూ వస్తే మిగతావాళ్లం చెట్లెక్కాలి. అందనివాడు పోయినట్టు. పెద్దవాళ్లు చూసీ చూడనట్టు ఉండేవారు. ఒకరోజు చెట్టెక్కలేని చిన్నవాడికి నేను చెయ్యి అందించి, బరువాగక వదిలేశాను. వాడు ఇసకలో పడి నవ్వుతున్నాడు. ఎక్కణ్ణుంచి చూసిందో పెద్దమ్మ, పరుగెత్తుకొచ్చి నా రెక్క పట్టుకుని వీపు చిట్లేలా కొట్టింది. జీవితంలో ఆమె నన్ను కొట్టింది ఆ ఒక్కసారే. కొట్టి, అక్కడే ఇసకలో కూలబడి నన్ను ఒళ్లో వేసుకుంది. ఎందుకు కొట్టిందో చెప్పలేదు.

అలాంటివి ఇంకా ఉన్నాయి. ఒకే గుడ్డతో ఇద్దరు పిల్లలకు చొక్కాలు కుట్టిస్తే ఆమె ఊరుకునేది కాదు. కాలనీలో ఎవరింట్లోనైనా సరే, వెళ్లి "ఇద్దరికీ ఒకటే వద్దమ్మా" అని బతిమాలేది. నా మొలతాడుకు మువ్వ కట్టింది. పదేళ్లవాణ్ణయ్యాక సిగ్గేసి తెంపేశాను. మర్నాడు స్నానం చేయిస్తూ నా వీపు తడిమి, కుడి భుజం కింద ఉన్న మచ్చను వేలితో వెతికి పట్టుకుంది. "ఇది గుర్తుంచుకోవాలి" అని తనలో తను అనుకుంది. పిల్లలు కళ్ల ముందున్నా ఇంకా భయమే, పాపం, అనుకున్నాను.

ఇక ఆమెను గురించి మా చుట్టుపక్కల ఊళ్లన్నీ చెప్పుకునే కథ ఒకటి ఉంది. తుమ్మచెట్టు పంగలో కాళ్లు బిగించి కూర్చుందట. ఒక చేత కన్నకొడుకు, ఒక చేత చెల్లెలి కొడుకు. నీరు లాగేస్తోంది. ఒక చెయ్యి కొమ్మకు కావాలి. లేకపోతే ముగ్గురూ పోతారు. చెల్లెలి బిడ్డ తన దగ్గర ఉన్న తాకట్టు, దాన్ని పోగొట్టకూడదని కన్నకొడుకు చెయ్యి వదిలేసిందట. నిజానికి ఆ మర్నాడు ఆమె చెప్పింది ఒక్కటే ముక్క: "ఒకణ్ణి వదిలేశాను." మిగతాదంతా ఊరే అల్లింది. అల్లిన ఊరిని తప్పుపట్టను. అంత చావు మధ్య మనుషులకు ఒక మంచి కథ కావాల్సి వచ్చింది. ఆ కథే తలపైన ఇంత నీడగా నిలిచింది.

ఆ కథలో బతికిన పిల్లవాణ్ణి నేను. నా ముందే చెప్పేవారు. కొత్తగా కాపురానికి వచ్చిన కోడళ్లకు నన్ను చూపించి మరీ చెప్పేవారు. "వాడే" అని. నేను తల వంచుకునేవాణ్ణి. నాకోసం ఒకడు పోయాడన్న బరువుతో పెరిగాను. బాగా చదవాలి, బాగా బతకాలి, ఆమె రుణం తీర్చాలి అనుకున్నాను.

1987 నవంబరులో, ఉప్పెనకు పదేళ్లు నిండిన రోజున ఊళ్లో సభ పెట్టారు. నేను పదో తరగతి. ‘మా పెద్దమ్మ’ అని నాలుగు పేజీల వ్యాసం రాసి మైకులో చదివాను. కన్నపేగును తెంచుకుని నన్ను కన్నదని రాశాను. ముందు వరసలో ఆడవాళ్లు కొంగులు కళ్లకు అద్దుకున్నారు. శాలువా కప్పడానికి పెద్దమ్మ పేరు పిలిచారు. ఆమె లేచింది. వేదిక వైపు రాలేదు. జనం మధ్య నుంచి తోవ చేసుకుని ఇంటికి వెళ్లిపోయింది. ‘మహాతల్లి, పొగడ్త ఓర్చుకోలేదు’ అన్నారు. ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. శాలువా నా చేతికిచ్చారు. అది తీసుకెళ్లి తలుపు తట్టాను. "ఎవరూ?" అంది. సంబరంలో "నేనే" అన్నాను. ఆ రాత్రి చాలాసేపటి దాకా తలుపు తీయలేదు.

తర్వాత బందరు వెళ్లి ఇంటర్ చేరాను. అక్కడ గది అద్దెకిచ్చిన ముసలాయన మాటల్లో తెలిసింది, 1864 నవంబరు 1న బందరును కూడా సముద్రం ముంచెత్తిందనీ, ముప్ఫై వేల మంది పోయారనీ. వాళ్ల తాతల నాటి నుంచీ వచ్చిన కబుర్లు చెప్పేవాడు. అన్నీ బతికినవాళ్ల సాహసాలే. విని గర్వంగా నా పెద్దమ్మ కథ నేనూ చెప్పాను. సెలవులకు పులిగడ్డ అక్విడక్టు మీదుగా బస్సులో ఊరికి వస్తూ ఆమె కోసం కోనేరు సెంటర్లో తొక్కుడు లడ్డు కొనేవాణ్ణి. గుమ్మం బయట పేరు చెప్పి ఇచ్చేవాణ్ణి.

1990 మే 9. పరీక్షలయి ఇంటి దగ్గరే ఉన్నాను. రేడియోలో రెండు రోజుల ముందు నుంచే హెచ్చరికలు. ఈసారి ఎవరూ ఆగమని అనలేదు. లారీలు, బస్సులు వచ్చాయి. కోస్తా పొడవునా లక్షన్నర మందికి పైగా జనాన్ని కదిలించారు. మేం మా ఊరి తుఫాను షెల్టరు మేడ ఎక్కాం. సాయంత్రానికి కృష్ణ ముఖద్వారం దగ్గరే తుఫాను తీరం దాటింది. కరెంటు పోయింది. లాంతర్లు గాలికి నిలవలేదు. గోడల అవతల అదే ఊళ, పదమూడేళ్ల కిందటిదే. పెద్దవాళ్లు ఒక్కరూ మాట్లాడలేదు. ఆ తుఫానులో మొత్తం మరణాలు వెయ్యి లోపే ఆగాయి. కానీ ఆ రాత్రి ఆ గదిలో ఉన్నవాళ్లకు ఆ లెక్క తెలియదు కదా.

చీకట్లో పెద్దమ్మ లేచింది. గోడ పట్టుకుని గది చుట్టూ తిరుగుతూ, చేతికి తగిలిన ప్రతి పిల్లవాడి తల మీదా చెయ్యి వేసి "ఎవర్రా?" అంది. పేరు చెప్పించుకుంది. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది. ఎన్నిసార్లు తిరిగిందో. ఒక మూల నుంచి మామ్మ ఒకావిడ కొత్త కోడలికి చెబుతోంది: "ఈ అమ్మాయేనే, కన్నకొడుకును వదిలి చెల్లెలి కొడుకును కాపాడింది. దేవత." పెద్దమ్మ ఆ మాట దగ్గర ఆగిపోయింది. తర్వాత వచ్చి నా పక్కన చతికిలబడింది.

గాలి తగ్గుముఖం పట్టేసరికి తెల్లవారుజాము అయి ఉంటుంది. చుట్టూ అందరూ అలసి పడుకున్నారు. నా చెవి దగ్గరికి వంగింది.

"నువ్వు ఆ రోజు మైకులో చదివావే, అది తప్పురా నాయనా."

ఏం చదివానో వెంటనే తట్టలేదు నాకు.

"చీకటి. ఇద్దరూ గుండ్లే. ఇద్దరివీ ఒకటే చొక్కాలు. ఎవడు ఏ చేతిలో ఉన్నాడో తెలియలేదు. కొమ్మ జారిపోతోంది. కుడిచేతిలోవాణ్ణి ఊపి ‘ఎవర్రా?’ అన్నాను. ‘నేనే, అమ్మా’ అన్నాడు. అమ్మా అనేవాడు నా కొడుకే కదా. నువ్వు పెద్దమ్మా అంటావు. ఆ మాట వినగానే ఎడమచెయ్యి వదిలేశాను."

చాలాసేపు ఊపిరి తప్ప మాట రాలేదు.

"తెల్లారాక చూస్తే, నువ్వు. భయమేసి మీ అమ్మను పిలిచుంటావు. నీ తప్పు లేదు. కానీ నేను నిన్ను కాపాడలేదురా. నేను వదిలేసింది నిన్నే."

గోడ పైన చిన్న కిటికీలో చీకటి పలచబడింది. కింద నీళ్లు తీశాయని ఎవరో అరిచారు. జనం లేచారు. మెట్ల దగ్గర ఇంకా మసకగానే ఉంది. నాలుగు మెట్లు ముందు దిగి, వెనక్కి తిరిగి పెద్దమ్మకు చెయ్యి చాచాను.

"ఎవర్రా?" అంది.

పూర్తి పేరు చెప్పాను. పట్టుకుంది.